పాముకాటు: తెలిసికొనదగిన విషయములు

పల్లెనుండి హైదరాబాదు వచ్చి నాంపల్లి స్టేషనులో రైలు దిగినవారు కొంతదూరము నడిచినచో బాగ్-ఎ-ఆమ్ అను పబ్లిక్ గార్డెన్సును చేరుదురు. శాసనసభా భవనము, జూబిలీ హాలు, రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల ఈ తోటలోనే కలవు. ఒకప్పుడు నగరపు జంతుప్రదర్శనశాలయు ఇచ్చటనే ఉండెడిది. 1963 అక్టోబరు 6వ తేదీన మీరాలం చెరువువద్ద నెహ్రూ జంతుప్రదర్శనశాల ప్రజలకు తెరువబడినది. తోటలోని జంతువులను అచ్చటికి తరలించిరి. నగరమునకు వచ్చిన పల్లెవాసులు పెద్దపులిని, సింహమును ఇనుపకటకటాల వెనుక చూచి భయముతో, సంతోషముతో ఇండ్లకు మరలెడివారు.

మృగమనగానే మన మనస్సునకు తట్టునది పులియే. ఆ భయము నిరాధారమైనది కాదు. 2020 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పెద్దపులివాతబడి ప్రాణములు పోయినవి. 2023 ఆగస్టులో తిరుమలకు పోవు అలిపిరి కాలిబాటలో చిరుతపులి ఒక బాలికను చంపినది. ఉద్దానపు తోటలలో ఎలుగుబంట్ల దాడులు జరుగుచున్నవి. అయినను ఈ మృగములన్నియు కలిసి తీసిన ప్రాణములకంటె మన పొలముగట్లపైనను, గడ్డివాములక్రిందను, పడకలప్రక్కను తిరుగు పాములు తీసిన ప్రాణములు అనేకరెట్లు అధికము. పులి కనబడినచో ఊరంతయు కదలును. పాము కరచినచో ఒక్క కుటుంబము మాత్రమే రాత్రియంతయు పరుగులిడును. ఆ పరుగు ఏ దిక్కునకు సాగవలెనో తెలుపుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

నష్టమెంత?

మనదేశములో 2000 మొదలు 2019 వరకు గల ఇరువది సంవత్సరములలో సుమారు 12 లక్షలమంది పాముకాటువలన మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. అనగా ఏడాదికి సగటున 58 వేలమంది. ఈ మరణములు అధికముగా జరుగు ఎనిమిది ప్రాంతములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును చేరియున్నవి. మరణించినవారిలో నాల్గవవంతునకు పైగా పదునైదేండ్లలోపు పిల్లలు. సుమారు సగము మరణములు జూన్ మొదలు సెప్టెంబరు వరకు, అనగా మనము నాట్లు వేయుచు, కలుపుతీయుచు పొలములో నుండు నెలలలోనే జరుగుచున్నవి.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించి, 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని నిశ్చయించినది. ఆస్ట్రేలియాలో మన పాములకు తీసిపోని విషముగల పాములు అనేకము కలవు. కాని అచ్చట ఏటా పాముకాటుతో మరణించువారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కనుక మన నష్టమునకు కారణము పాములలోని విషము మాత్రమే కాదు. కాటు తగులుటకును, చికిత్స అందుటకును నడుమ జారిపోవు కాలమే ముఖ్యకారణము.

నాలుగు పాములను గుర్తింపుడు

మన పరిసరములలో కనబడు పాములలో అధికభాగము విషము లేనివే. జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ ఇట్టివి. జెర్రిపోతు ఎలుకలను తిని రైతునకు మేలుచేయును. మనుష్యుల ప్రాణములకు ముప్పు తెచ్చునవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది నాగుపాము. పడగవిప్పుటచే దీనిని అందరును గుర్తింపగలరు. కరచినచోట వాపు, నొప్పి కలుగును. పిమ్మట కనురెప్పలు వాలిపోవును, మాట తడబడును, ఊపిరి కష్టమగును.

రెండవది కట్లపాము. నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లుండును. ఇది రాత్రివేళ సంచరించి, నేలపై నిద్రించువారిని కరచును. కాటు తెలియకపోవచ్చును, గాటుకూడ కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పితో మేల్కొని, ఏదో తిన్నది పడలేదనుకొనువారు కలరు. కొంతసేపటికి కనురెప్పలు వాలిపోయి, కాలుసేతులు చచ్చుబడి, ఊపిరి నిలిచిపోవును. నేలపై పండుకొన్నవారికి వేకువను కారణములేని కడుపునొప్పి వచ్చి, రెప్పలు బరువెక్కినచో అది కట్లపాము కాటు కావచ్చునని వెంటనే శంకింపవలెను.

మూడవది రక్తపింజరి. మందమైన శరీరము, వీపుపై గొలుసువలె గుండ్రని మచ్చలు దీని గుర్తులు. బెదరినపుడు ప్రెషరు కుక్కరు ఈలవలె గట్టిగా బుసకొట్టును. వరిపొలములలో ఎక్కువగా నుండును. దీని విషము రక్తమును గడ్డకట్టనీయదు, చిగుళ్లనుండియు, గాటునుండియు రక్తము కారుచుండును, మూత్రపిండములు చెడును.

నాల్గవది చిన్నపింజరి. రాతినేలలందును, మెట్టపొలములందును ఉండును. పొట్టిదని దీనిని తక్కువగా చూడరాదు. చుట్టచుట్టుకొని పొలుసులను ఒకదానితో నొకటి రాచి గరగరమను శబ్దము చేయును. దీని విషమును రక్తమును చెరచునదే.

కాటు తగులకుండ జాగ్రత్తలు

పాము మనుష్యుని వెదకికొనుచు రాదు. మనము మ్రింగుడుపడు ఆహారము కాము. తనపై అడుగుపడినపుడు, చేయి తగిలినపుడు, పారిపోవుటకు దారి లేనపుడు అది కరచును. కావున చూడకుండ అడుగువేయకుండుట, చూడకుండ చేయిపెట్టకుండుట అను రెండు నియమములలో జాగ్రత్తలన్నియు ఇమిడియున్నవి.

రాత్రివేళ పొలములో మోటారు వేయుటకు పోవునపుడు, బహిర్భూమికి వెడలునపుడు, పశువులకు మేతవేయునపుడు తప్పక టార్చిలైటు తీసికొనిపోవలెను. చేతికర్రతో ముందు నేలను తట్టుచు నడచినచో ఆ అదురునకు పాము తొలగిపోవును. కాటులలో అధికము పాదములకు, చీలమండలకు తగులునవే. మోకాటివరకు వచ్చు రబ్బరు బూట్లు ధరించినవారికి ఈ ముప్పు చాలవరకు తప్పును. బురదమడిలో బూట్లతో నాట్లు వేయుట కష్టమని మేమెరుగుదుము. కాని గట్టుపై నడచునపుడు, కోతకోయునపుడు, రాత్రి నీరుకట్టునపుడు వానిని ధరించుటకు అడ్డులేదు.

పిడకలకుప్పలో, కట్టెలమోపులో, గడ్డివాములో, మోటారు స్టార్టరు పెట్టెలో చేయిపెట్టుటకు ముందు కర్రతో కదిలించి చూడవలెను. తేలుమంత్రము రానివాడు పాముపుట్టలో చేయిపెట్టినట్లన్న సామెత తెలియనివారు లేరు. అయినను ఎలుకబొరియలో చేయిదూర్చు పిల్లలను వారించువారు తక్కువ.

నేలపై పండుకొనుట మానవలెను. మంచము లేనివారు దోమతెరనైన కట్టుకొని, దాని అంచులను చాపక్రిందికి నలువైపుల దోపుకొనవలెను. దోమతెరలో నిద్రించువారికి పాముకాట్లు తక్కువగా తగులుచున్నవని నేపాలు తరాయి ప్రాంతములో జరిగిన పరిశీలనలో తేలినది. ఒకే తెర మలేరియానుండియు, కట్లపామునుండియు కాపాడుచున్నదన్నమాట.

ఇంటిచుట్టు చెత్తకుప్పలు, రాళ్లగుట్టలు ఉండనీయరాదు. ధాన్యము చిందినచోట ఎలుకలు చేరును. ఎలుకలున్నచోటికి పాములు వచ్చును. పాము కనబడినచో దానిని చంపబోవరాదు. చంపబోయి కాటుతిన్నవారు అనేకులు. దూరముగా నిలిచి, దాని దారిని అది పోవునట్లు చూచి, ఇంటిలో చేరియున్నచో అటవీశాఖవారికి తెలియజేయుడు.

నాగపంచమినాటి పాములు

శ్రావణమాసములో నాగపంచమినాడు నాంపల్లి, ఆబిడ్స్ వంటి నగరపు వీధులలో పాములవాండ్రు బుట్టలతో తిరుగుటయు, స్త్రీలు పాముకు పాలుపోసి పసుపు కుంకుమలు చల్లుటయు పూర్వము సామాన్య దృశ్యములు. బూర ఊదగా నాగుపాము పడగవిప్పి ఊగుచుండును. పాములవాడు దానిని మెడకు చుట్టుకొనును. చూచువారికి పామును లొంగదీయు విద్య ఏదో కలదని తోచును.

అందలి నిజమెట్టిది? పాము బూరపాటకు పరవశించి ఆడదు. తన కన్నులయెదుట కదలుచున్న బూరను గమనించుచు దానితోపాటు కదలును. పాలు పాముల ఆహారము కావు. ముందు పలుదినములు నీరులేక మాడ్చినందున అవి పాలను త్రాగును, త్రాగి జబ్బుపడును. బుట్టలలోని పాములకు కోరలు పెరికియుండుటయు, కొన్నింటికి నోరు కుట్టియుండుటయు బయటపడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పాములను పట్టి ఆడించుట నేరము. హైదరాబాదులో 1995 నుండి పనిచేయుచున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవంటి సంస్థల సభ్యులును, అటవీశాఖవారును నాగపంచమినాడు ఇట్టి పాములను విడిపించుచున్నారు.

ఈ ప్రసంగమును ఇచ్చట తెచ్చుటకు కారణము కలదు. కోరలు తీసిన పాముతో ఆడువానిని చూచినవాడు, కోరలున్న పామును పట్టబోవును. పెరికిన కోరలు మరల మొలచునని పాములవాండ్రే ఎరుగుదురు. నాగదేవతను కొలుచుట వారివారి విశ్వాసమునకు సంబంధించినది; పుట్టకు దూరముగా నిలిచి కొలిచినను భక్తికి లోటులేదు.

మంత్రమునకు మందునకు గల భేదము

ఆబిడ్స్ కూడలివద్ద ప్రధాన తపాలా కార్యాలయము కలదు. సెల్‌ఫోను లేని రోజులలో దేశమునందు అత్యవసర వార్తలు తరచు తంతిద్వారా పోయెడివి. ఆ రోజులలో నెల్లూరు వైపున ఒక రైల్వే స్టేషను మాస్టరు పాముకాటునకు మంత్రము వేయుననియు, ఆయనకు తంతి పంపినచో ఎంతదూరమున నున్నవారికైనను విషము దిగుననియు జనులు నమ్మెడివారు. ఆయన ఎవరివద్దను ధనము తీసికొనలేదని నేటికిని వృద్ధులు చెప్పుకొందురు. ఆయన సద్భావమును మేము శంకింపము. కాని మంత్రమువలన బ్రతికినట్లు తోచుటకు కారణములను విచారింపవలసియున్నది.

కరచిన పాములలో అధికభాగము విషము లేనివి. విషముగల పాముసైతము కొన్నివేళల విషమును ఎక్కింపకుండ ఉత్తకాటు వేయును. అట్టివారందరును మంత్రము వేసినను బ్రతుకుదురు, వేయకున్నను బ్రతుకుదురు. వారి సంగతి ఊరూర చెప్పుకొందురు. విషమెక్కినవాడు మరణించినచో ఆయువు తీరినదందురు. ఈ విధముగా మంత్రమునకు గెలుపులే మిగులును, ఓటములు లెక్కకు రావు. పాముకాటురాయి, వేరుమందు, పసరు మొదలైనవానికి పేరు వచ్చినదియు ఇట్లే. వీనివలన కలుగు పెద్ద కీడు ఏమనగా, విషమెక్కినవానికి ఉపయోగపడవలసిన మొదటి రెండుమూడు గంటలు వీనివద్దనే గడచిపోవును.

తంతి సేవ 2013 జూలైలో దేశమంతట నిలిచిపోయినది. నేడు కష్టకాలమున పంపవలసిన వార్త 108 సంఖ్యకు చేయు ఫోనే. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. పూర్వము తంతి పంపుటలో చూపిన తొందరను నేడు ఈ ఫోను చేయుటలో చూపినచో చాలును.

కాటు తగిలిన వెంటనే

1. రోగికి ధైర్యము చెప్పి కూర్చుండబెట్టుడు లేదా పండుకొనబెట్టుడు. నడువనీయకుడు, పరుగెత్తనీయకుడు. కదలికవలన విషము శరీరములో త్వరగా వ్యాపించును.

2. కాటుతగిలిన చేతికి లేదా కాలికి ఉన్న ఉంగరములు, గాజులు, మెట్టెలు, కడియములు, బిగుతైన బట్టలు వెంటనే తీసివేయుడు. వాపు వచ్చిన పిమ్మట అవి ఊడిరావు.

3. విరిగిన ఎముకకు కట్టినట్లు, కర్రబద్దను ఆనించి కాలిని లేదా చేతిని కదలకుండ వదులుగా కట్టుడు. త్రాటితో గట్టిగా బిగించికట్టు పాత అలవాటును మానుడు. దానివలన రక్తప్రసారము ఆగి అవయవము కుళ్లిపోవచ్చును. ఎవరైన ఇదివరకే గట్టికట్టు కట్టియున్నచో దానిని దారిలో విప్పక, ఆసుపత్రిలో వైద్యునియెదుట విప్పింపుడు.

4. గాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, కాల్చరాదు. మంచుగడ్డ పెట్టరాదు. పసరు పోయరాదు. సారాయి త్రాగింపరాదు.

5. కాటుతగిలిన వేళను జ్ఞాపకముంచుకొనుడు. పామును వెదకి చంపి తీసికొనిపోవలసిన అవసరము లేదు. దూరమునుండి ఫోనులో ఫోటో తీయుటకు వీలైనచో తీయుడు, లేనిచో విడువుడు.

6. 108 వాహనము వచ్చుటకు ఆలస్యమగునని తోచినచో మోటారు సైకిలుపై రోగిని నడుమ కూర్చుండబెట్టి, వెనుక మరియొకరు పట్టుకొని, సమీప ఆసుపత్రికి బయలుదేరుడు. రోగికి వాంతి అగుచున్నను, స్పృహ తప్పుచున్నను ప్రక్కకు తిప్పి పండుకొనబెట్టి తీసికొనిపోవలెను.

ఏ ఆసుపత్రికి?

ఇచ్చట ఒక ముఖ్యవిషయమును చెప్పవలసియున్నది. ఆబిడ్స్‌కు దాపున ఉస్మానియా ఆసుపత్రి కలదు. నాంపల్లికి సమీపమున రెడ్‌హిల్స్‌లో 1953లో వెలసిన నీలోఫర్ పిల్లల ఆసుపత్రి కలదు. పెద్ద ఆసుపత్రియను నమ్మకముతో దూరపు జిల్లాలనుండి రోగులను నేరుగా నగరమునకు తీసికొనివచ్చువారు కలరు. ఇతర వ్యాధులకు అది తగును. పాముకాటునకు తగదు. దారిలో విరుగుడు మందు దొరకు ఆసుపత్రిని దాటివచ్చినచో, నగరము చేరులోపల ఊపిరియే నిలిచిపోవచ్చును. మొదటి మందు సమీపముననే పడవలెను. అవసరమైనచో అచ్చటి వైద్యులే పెద్ద ఆసుపత్రికి పంపుదురు.

విరుగుడు మందును తయారుచేయు విధము తెలిసికొనదగినది. పాములనుండి తీసిన విషమును మిక్కిలి స్వల్పముగా గుర్రములకు ఎక్కింతురు. వాని రక్తములో విషమును అణచు శక్తి క్రమముగా పుట్టును. ఆ రక్తమునుండి మందును వేరుచేయుదురు. మనదేశపు మందు పైని చెప్పిన నాలుగు పాముల విషములకును పనిచేయును. అందువలననే ఏ పాము కరచినదో తెలియకపోయినను చికిత్స ఆగదు.

రక్తపింజరి జాతి విషమెక్కినదో లేదో తెలిసికొనుటకు వైద్యులు చేయు పరీక్ష మిక్కిలి సులభమైనది. రోగి రక్తమును కొంచెము పరిశుభ్రమైన గాజునాళికలో పోసి ఇరువది నిమిషములు కదపకుండ ఉంచుదురు. అంతలో గడ్డకట్టనిచో విషమెక్కినట్లే. విషలక్షణములు కనబడినచో మొదట సుమారు పది సీసాల మందును సెలైనుద్వారా ఎక్కింతురు. పిల్లలకును పెద్దవారితో సమానముగానే ఇత్తురు. పాము ఎక్కించిన విషము మనిషి పరిమాణమునుబట్టి తగ్గదు గదా. ఈ మందు కొందరికి పడకపోవచ్చును. అట్టి చిక్కు వచ్చినపుడు చేయవలసిన చికిత్సయు ఆసుపత్రిలోనే కలదు. కావున దీనిని ఇంటివద్ద వేయించుకొనుట ప్రమాదకరము. లక్షణములేవియు కనబడకున్నను ఒక పగలు, ఒక రాత్రి వైద్యుల కనుసన్నల నుండవలెను. కట్లపాము విషము ఆలస్యముగా బయటపడును. బాగున్నదిగదాయని అర్ధరాత్రి ఇంటికి తీసికొనిపోయిన రోగి తెల్లవారునాటికి మాటపోయి మరల రావలసిన స్థితి కలుగవచ్చును.

నేపాలులోని ఒక ప్రయత్నము

కాలమునకు గల విలువను తెలుపు ఉదాహరణము నేపాలు ఆగ్నేయభాగమున దమక్ అను ప్రాంతములో కలదు. అచ్చటి పల్లెలలో మోటారు సైకిళ్లు గల యువకులను స్వచ్ఛంద సేవకులుగా చేర్చిరి. పాము కరచినదని తెలిసిన తక్షణము రోగిని నడుమ కూర్చుండబెట్టుకొని చికిత్సాకేంద్రమునకు చేర్చుట వారి పని. ప్రజలకు ఈ సంగతిని ఊరూర బోధించిరి. అంతకుముందు కాటుతిన్నవారిలో నూటికి పదిమందికి పైగా మరణించుచుండగా, ఈ ఏర్పాటు పిమ్మట మరణములు రెండువందలకు ఒకటికి తగ్గినవి. పాములు అవే, పల్లెలు అవే. గొప్ప యంత్రములు తేలేదు, ఆసుపత్రులు కట్టలేదు. మారినది త్రోవలో గడచు కాలము మాత్రమే.

గ్రామములు చేయదగినది

ఇట్టి ఏర్పాటు మన గ్రామములలోను సాధ్యమే. వర్షములు ప్రారంభమగుటకు ముందే పంచాయతీవారు సమీపములో విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో దొరకునో, రాత్రివేళ వైద్యులు ఎచ్చట ఉందురో విచారించి తెలిసికొనవలెను. ఆ వివరమును, 108 సంఖ్యను పంచాయతీ గోడపైనను, బడిగోడపైనను పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. మోటారు సైకిలు గల యువకులు ఇద్దరు ముగ్గురు ఏ రాత్రియైనను లేచివచ్చుటకు మాట ఇయ్యవలెను. ఉపాధ్యాయులు పిల్లలచే ప్రథమచికిత్సను అభ్యసింపజేయవలెను. ఆశా కార్యకర్తలు ఇంటింట దోమతెర కట్టు విధమును చూపవలెను.

మంత్రము వేయు పెద్దలను నిందించుట వలన ప్రయోజనము లేదు. కష్టమువచ్చినపుడు జనులు మొదట వారి గుమ్మమునకే పోవుదురు. కావున వారిని కూర్చుండబెట్టుకొని విషయమంతయు వివరించి, "ముందు ఆసుపత్రికి పొండు, మంత్రము పిదప వేసెదను" అని వారిచేతనే చెప్పింపవలెను. ఆ ఒక్కమాట ఆయన నోటినుండి వచ్చినచో, వందమంది అధికారుల ఉపన్యాసములకంటె ఎక్కువ ప్రాణములు నిలుచును.

మేఘములు కమ్మిన రాత్రి పొలమునకు బయలుదేరు రైతు చేతిలో టార్చిలైటు, కాళ్లకు బూట్లు, ఊరిగోడపై ఆసుపత్రి పేరు ఉండవలెను. వీనిలో ఏదియు గొప్ప వ్యయమునకు సంబంధించినది కాదు. రాబోవు వర్షకాలమునకు ముందుగా ప్రతి గ్రామమును ఈ ఏర్పాట్లను పూర్తిచేసికొనునని ఆశించుచున్నాము.